సమ్టరు కోట: అమెరికా అంతర్యుద్ధపు తొలి పోరు

ఒక దేశపు ప్రజలే రెండు పక్షములుగా చీలి ఒకరిపై ఒకరు ఆయుధము పట్టుటకంటె ఆ దేశమునకు కలుగు కీడు వేరొకటి లేదు. పరదేశపు సేన దండెత్తి వచ్చినప్పుడు శత్రువెవ్వరో ఎల్లరకును తెలియును. దాయాదుల పోరులో అట్లు కాదు. గురువునకు ఎదురుగా శిష్యుడును, అన్నకు ఎదురుగా తమ్ముడును నిలువవలసి వచ్చును. భారతకథ ఎరిగిన మనకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. 1861 మొదలు 1865 వరకు అమెరికా సంయుక్త రాష్ట్రములలో జరిగిన అంతర్యుద్ధము అట్టిదే.

ఆ యుద్ధమునకు నాంది పలికిన పోరు 1861 ఏప్రిలు 12, 13 తేదీలలో దక్షిణ కరొలీనా రాష్ట్రమందలి ఛార్లెస్టను రేవు ముఖద్వారమున, సమ్టరు కోటవద్ద జరిగినది. సుమారు 34 గంటల కాలము ఫిరంగులు మ్రోగినవి. కోటపై 3,000 లకు పైగా గుండ్లు కురిసినవి. అయినను ఆ కాల్పులలో ఇరుపక్షములయందును ఒక్క ప్రాణియైన పోలేదు. ఇంత తేలికగా మొదలైన యుద్ధమే నాలుగేండ్లలో ఆరు లక్షలకు మించిన సైనికుల ప్రాణములను బలిగొన్నది. మొదటి పోరునకును, తుది ఫలమునకును ఇంతటి వ్యత్యాసమెట్లు కలిగినది? ఆ తొలి గుండును ఎవ్వరైన ఆపగలిగియుందురా? ఈ ప్రసంగమున మనము విచారింపదలచినది ఈ ప్రశ్నలనే.

మొదట కలహకారణమును గుర్తుచేసికొందము. 1860వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము ఆ దేశమున బానిసలుగా బ్రదుకుచున్న నల్లజాతివారు దాదాపు 40 లక్షలమంది. వారి చాకిరిమీదనే దక్షిణ రాష్ట్రముల ప్రత్తి సేద్యము నిలిచియుండెను. దక్షిణ కరొలీనాలో స్వతంత్రులకంటె బానిసలే ఎక్కువ. ఏడు లక్షల జనములో నాలుగు లక్షలమంది బానిసలు. 1860 నవంబరు 6వ తేదీన అబ్రహాము లింకను అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. బానిసత్వము అప్పటికే నెలకొనియున్న రాష్ట్రములలో దానిని తాను తొలగింపబోననియు, క్రొత్తగా కలియు భూభాగములకు మాత్రము దానిని ప్రాకనీయననియు ఆయన చెప్పుచుండెను. దక్షిణపు పెద్దలకు అంతమాత్రమే చాలినది. డిసెంబరు 20వ తేదీన దక్షిణ కరొలీనా తాను సంయుక్త రాష్ట్రములనుండి విడిపోయితినని చాటెను. మరునటి ఫిబ్రవరి మొదటికి మరి ఆరు రాష్ట్రములు ఆ దారినే నడచినవి. ఏడును కలిసి కాన్ఫెడరసీ అను పేర వేరు ప్రభుత్వమును నెలకొల్పి, జెఫర్సను డేవిసును అధ్యక్షునిగా ఎన్నుకొన్నవి. తమ క్రొత్త ప్రభుత్వమునకు బానిసత్వమే మూలశిలయని దాని ఉపాధ్యక్షుడు అలెగ్జాండరు స్టీఫెన్సు 1861 మార్చిలో బహిరంగముగనే ప్రసంగించెను.

రాష్ట్రములు విడిపోవుట కాగితముమీది మాట. నేలమీద మాత్రము ఒక చిక్కు వచ్చిపడినది. దక్షిణపు తీరములయందున్న కోటలు, ఆయుధశాలలు, సుంకపు కచేరీలు కేంద్ర ప్రభుత్వపు ఆస్తి. అందు పెక్కింటిని విడిపోయిన రాష్ట్రములు చిక్కులేకుండ స్వాధీనము చేసికొన్నవి. మిగిలిన కొలదిలో సమ్టరు కోట ముఖ్యమైనది. అది రేవు వాకిట, సముద్రపు తిన్నెపై రాళ్లు పోసి కట్టిన కృత్రిమ ద్వీపముమీద నిలిచిన అయిదు ముఖముల ఇటుక కోట. గోడలు దాదాపు 50 అడుగుల ఎత్తు, అయిదడుగుల మందము. 1829లో పని మొదలైనను 1860 చివరకు కూడ అది పూర్తికాలేదు. 650 మంది దండునకును, 135 ఫిరంగులకును ఉద్దేశింపబడిన ఆ కోటలో అప్పటికి పనివాండ్రు తప్ప దండే లేకుండెను.

ఛార్లెస్టనులోని కేంద్ర సేన తీరమునగల మౌల్ట్రీ కోటలో ఉండెను. దానికి అధిపతి మేజరు రాబర్ట్ ఆండర్సను. ఆయన బానిసత్వము గల కెంటకీ రాష్ట్రమున పుట్టినవాడు. భార్య జార్జియా రాష్ట్రపు ఆడపడుచు. దక్షిణమునెడల అభిమానము లేనివాడు కాడు. కాని తాను చేసిన ప్రమాణమునకు కట్టుబడినవాడు. మౌల్ట్రీ కోట వెనుకనుండి మూకలు వచ్చి పడినచో తన కొలదిపాటి దండు నిలువజాలదని ఆయన గ్రహించెను. డిసెంబరు 26వ తేదీ సంధ్యవేళ ఎవ్వరికిని తెలియకుండ మనుష్యులను పడవలలో నెక్కించి సమ్టరునకు చేర్చెను. విడిచిన కోటలోని ఫిరంగులు పనికిరాకుండ వాటి రంధ్రములలో మేకులు కొట్టించి, ఫిరంగి బండ్లను తగులబెట్టించెను. ఆయన యుద్ధమును తప్పింపవలెనని ఈ పని చేసెను. ఛార్లెస్టను ప్రజలు మాత్రము దానిని మాట తప్పుటగను, కయ్యమునకు కాలుదువ్వుటగను భావించిరి. ఒకరు రక్షణకై వేసిన అడుగు ఎదుటివారికి దాడిగ కనబడుట ఈ కథయందు ఇదియే మొదటిసారి. తుదిసారి మాత్రము కాదు.

1861 జనవరి 9వ తేదీన స్టార్ ఆఫ్ ది వెస్ట్ అను వర్తకపు ఓడ 200 మంది సైనికులతోను, ఆహారసామగ్రితోను రేవులోనికి రాబోగా తీరమునుండి సైనిక పాఠశాల విద్యార్థులు దానిపై గుండ్లు ప్రేల్చిరి. ఓడ వెనుదిరిగెను. ఆండర్సను ఎదురు కాల్పులకు ఉత్తరువీయలేదు. అప్పటికి యుద్ధము తప్పినది. కాని కోటలోని ధాన్యపుకొట్టు నానాటికి తరుగుచుండెను. చుట్టును తీరమందంతట ఇసుక బస్తాల దిబ్బలు, వాటిపై ఫిరంగులు నానాటికి పెరుగుచుండెను.

లింకను మార్చి 4వ తేదీన పదవీ స్వీకారము చేసెను. మరునాడే ఆండర్సను పంపిన లేఖ ఆయన చేతికి వచ్చెను. తిండిగింజలు ఆరు వారములకు మించి చాలవనియు, కోటను నిలుపవలెనన్న 20,000 మంది సేన కావలెననియు దాని సారాంశము. అంత సేన అప్పుడు ప్రభుత్వమువద్ద లేదు. వృద్ధ సేనాధిపతి విన్‌ఫీల్డ్ స్కాట్ కోటను విడువుడని సలహా యిచ్చెను. మార్చి 15వ తేదీన అడిగినప్పుడు మంత్రులలో అధికసంఖ్యాకులు అట్లే చెప్పిరి. విదేశాంగ మంత్రి సివార్డు మరియొక అడుగు ముందునకు వేసి, కోట ఖాళీ కాబోవుచున్నదని మధ్యవర్తులద్వారా దక్షిణపు రాయబారులకు నమ్మకము కలిగించెను. అధ్యక్షుడు ఇంకను నిశ్చయింపనిదానిని మంత్రి వాగ్దానము చేయుటవలన కలిగిన చేటు చిన్నది కాదు. పిమ్మట దక్షిణమువారు లింకను మాటను నమ్మకపోవుటకు ఇది యొక కారణమైనది.

లింకనునకు ఏ దారి చూచినను ముండ్లే. కోటను విడిచినచో విడిపోయిన రాష్ట్రములను అంగీకరించినట్లగును. సేనను పంపినచో తానే యుద్ధమునకు దిగినట్లగును. ఆ స్థితిలో ఆయన మూడవ దారిని వెదకెను. ఓడలలో ఆహారము మాత్రమే పంపుదుమనియు, దానిని అడ్డగింపనిచో ముందుగా తెలుపక మనుష్యులను గాని, ఆయుధములను గాని, మందుగుండును గాని కోటలో దింపబోమనియు దక్షిణ కరొలీనా గవర్నరు ఫ్రాన్సిస్ పికెన్సునకు ముందుగనే వర్తమానమంపెను. ఏప్రిలు 8వ తేదీన ఆ వర్తమానము అందినది. ఆకలిగొన్నవారికి అన్నము పంపుచున్నాము, కాల్తురో మానుదురో మీ యిచ్చ, అని అనకయే అన్నట్లయినది.

బంతి ఇప్పుడు దక్షిణపు అధ్యక్షుడు డేవిసు చేతిలో పడెను. ఏప్రిలు 9వ తేదీన ఆయన మంత్రులను సమావేశపరచెను. మొదట కాల్చుట అనర్థకమనియు, ఊరకున్న కందిరీగల తుట్టెను కదపుటయే యగుననియు మంత్రి రాబర్ట్ టూంబ్సు హెచ్చరించెను. ఆ మాట చెల్లలేదు. తన రేవు వాకిట పరాయి జెండా ఎగురుచుండగా తమది స్వతంత్ర రాజ్యమని లోకమునకు ఎట్లు చెప్పుట యని తక్కినవారి వాదము. కోటను అప్పగింపుమని అడుగవలసినదనియు, కాదన్నచో పడగొట్టవలసినదనియు ఛార్లెస్టనులోని సేనానికి 10వ తేదీన తంతి వెళ్లెను.

ఆ సేనాని బోరెగార్డు. వెస్ట్ పాయింటు సైనిక కళాశాలలో ఫిరంగి విద్యను ఆయనకు నేర్పిన గురువు ఎవ్వరనుకొనుచున్నారు? కోటలోనున్న ఆండర్సనే. శిష్యుని చురుకుదనము మెచ్చి, చదువు ముగిసిన పిమ్మట తనకు సహాయకుడుగ నిలుపుకొన్నవాడు కూడ ఆయనయే. ద్రోణార్జునుల కథ సముద్రమున కావలి యొడ్డున మరల నడచినట్లయినది.

11వ తేదీ మధ్యాహ్నము ముగ్గురు దూతలు తెల్లజెండాతో పడవలో వచ్చిరి. ఆండర్సను మర్యాదగనే నిరాకరించెను. కాని మీరు మమ్ము తుత్తునియలు చేయకున్నను కొలదిదినములలో ఆకలియే మమ్ము వెడలగొట్టునని మాటలలో పలికెను. ఈ మాట విని బోరెగార్డు తన ప్రభుత్వమును మరల సంప్రదించెను. అర్ధరాత్రి దాటిన పిదప దూతలు మరల వచ్చి, ఎప్పుడు విడుతువో చెప్పుమనిరి. వేరు ఉత్తరువులు గాని, ఆహారము గాని రానిచో 15వ తేదీ మధ్యాహ్నమునకు విడుతునని ఆండర్సను బదులిచ్చెను. ఆహారపు ఓడలు అంతకుముందే వచ్చునని దూతలెరుగుదురు. కావున ఆ షరతు వారికి రుచింపలేదు. తెల్లవారుజామున 3 గంటల 20 నిమిషములకు, ఒక గంటలో కాల్పులు మొదలగునని వ్రాసియిచ్చి వెడలిపోయిరి. మూడు దినములు ఓపిక పట్టినచో ఒక్క గుండు లేకుండ ఆ కోట వారి చేతికి వచ్చెడిదేమో. చరిత్రయందు ఇట్టి మూడు దినములు తరచుగ కనబడును. వాటిని గడపగల ఓర్పు మాత్రము తరచుగ కనబడదు.

ఏప్రిలు 12, వేకువ 4 గంటల 30 నిమిషములు. జాన్సను కోటనుండి ఒక మోర్టారు గుండు ఎరుపు వెలుగుతో ఆకాశమున వంపు తిరిగి సమ్టరుపైన ప్రేలెను. అది సంకేతము. వెంటనే రేవు చుట్టును 43 ఫిరంగులు, మోర్టారులు గర్జించినవి. వర్జీనియానుండి వేర్పాటు ఉత్సాహముతో వచ్చిన 67 ఏండ్ల ఎడ్మండ్ రఫిన్ అను వృద్ధుడు తొలిగుండ్లలో ఒకదానిని తన చేతనే ప్రేల్చి గర్వించెను. ఛార్లెస్టను పౌరులు మేడలపైకెక్కి, రథోత్సవమును చూచునట్లు చూచుచుండిరి.

కోటలో సైనికులు 85 మంది, పనివాండ్రు 43 మంది. వెలుగు వచ్చువరకు ఆండర్సను బదులు పలుకలేదు. ఉప్పు పంది మాంసముతోను నీటితోను వారి ఉదయాహారము ముగిసినది. ఏడు గంటల ప్రాంతమున కెప్టెను ఆబ్నర్ డబుల్‌డే కోటనుండి తొలి ఫిరంగిని కాల్చెను. పై అంతస్తున పెద్ద ఫిరంగులున్నను, అచ్చట నిలుచువారికి కప్పు లేదు. మనుష్యులను కోల్పోవుట కిష్టములేక ఆండర్సను క్రింది అంతస్తు ఫిరంగులనే వాడుమనెను. మరియొక కొరత విచిత్రమైనది. తుపాకిమందు కూరి ఫిరంగిలో పెట్టు గుడ్డసంచులు చాలవయ్యెను. దుప్పట్లను, చొక్కాలను చించి సంచులు కుట్టవలసివచ్చెను. కుట్టుటకు కోటయంతటను ఆరు సూదులే యుండెను! ఒక మహారాజ్యపు గౌరవము ఆ దినమున ఆరు సూదులకు వ్రేలాడినది.

సహాయపు ఓడలు రేవు వెలుపలికి వచ్చినవి. కాని సముద్రము అల్లకల్లోలముగ నుండెను. సరకులు చేర్పవలసిన చిన్న ఆవిరి పడవలు రాలేదు. ముఖ్యమైన యుద్ధనౌక పౌహాటను వాషింగ్టనులోని ఉత్తరువుల తారుమారువలన ఫ్లారిడాకు తరలిపోయెను. కోటలోనివారు తమ ఓడలను కన్నులార చూచుచునే యుండిరి. ఓడలలోనివారు కోట కాలుటను చూచుచునే యుండిరి.

13వ తేదీ ఉదయమున మౌల్ట్రీ కోటవారు ఎర్రగ కాల్చి విడిచిన గుండ్లవలన సమ్టరులోని కొయ్య నివాసములు అంటుకొన్నవి. పొగ క్రమ్ముకొనగా సైనికులు తడిగుడ్డలు ముఖములకు చుట్టుకొని నేలపై బోర్లపడి ఊపిరి పీల్చిరి. మంటలు మందుగదిని సమీపించుచుండగా మందు పీపాలను సముద్రములోనికి దొర్లించిరి. ఆ స్థితిలో కూడ కోటనుండి అప్పుడప్పుడొక ఫిరంగి మ్రోగుచుండగా, ఎదుటి గట్టునున్న దక్షిణ సైనికులే వారి ధైర్యమును మెచ్చి హర్షధ్వానములు చేసిరి. మధ్యాహ్నము ఒంటిగంట వేళకు ధ్వజస్తంభము విరిగిపడెను. జెండా కనబడకపోవుట చూచి, టెక్సాసు పెద్దయగు లూయీ విగ్‌ఫాల్ ఎవ్వరి అనుమతియు లేకయే, బానిసలు తెడ్లు వేయగా, కత్తికొనకు తెల్ల చేతిరుమాలు కట్టుకొని పడవలో వచ్చి లొంగుబాటు మాటలాడెను. పిదప బోరెగార్డు దూతలు వచ్చి షరతులను స్థిరపరచిరి. ఆండర్సను తన ఆయుధములతో, తన జెండాకు ఫిరంగి వందనము చేసికొని మర్యాదగ వెడలిపోవచ్చును.

ఆ వందనమే ప్రాణము తీసెను. 14వ తేదీన నూరు ఫిరంగులు ప్రేల్పదలచిరి. 47వది కాల్చునప్పుడు మందు అకాలమున అంటుకొని ప్రేలగా, ఐర్లండునుండి వచ్చి సైన్యమున చేరిన డేనియల్ హౌ అను సిపాయి అక్కడికక్కడే మరణించెను. గాయపడిన మరియొకడు పిదప పోయెను. వందనమును 50తో ఆపివేసిరి. శత్రువు గుండు చంపలేనివానిని తన జెండాకు చేసిన గౌరవము చంపినది. ఆ యుద్ధపు లక్షల మృతులలో ఆ సిపాయియే మొదటివాడు.

ఇక ఫలితము. 15వ తేదీన లింకను మూడు నెలల కొలువునకు 75,000 మంది సేనను కావలెనని పిలుపునిచ్చెను. అంతవరకు తటపటాయించుచున్న ఉత్తరాది ఒక్క గొంతుతో లేచినది. మరొకవైపున, తోడి రాష్ట్రములపై కత్తి యెత్తుట కొల్లక వర్జీనియా, ఆర్కన్సాసు, టెనెసీ, ఉత్తర కరొలీనాలు కాన్ఫెడరసీలో చేరినవి. ఏడు పదునొకండైనవి. ప్రాణనష్టము లేని పోరు ఇరువురను భ్రమపెట్టినది. యుద్ధమనగా రెండు దినముల సందడియని అనుకొనిరి. మూడు నెలలు తిరిగి జూలై 21వ తేదీన బుల్ రన్ వాగుకడ తొలి పెద్ద యుద్ధము జరిగినప్పుడు వాషింగ్టనునుండి వేడుక చూచుటకై బండ్లపై వచ్చినవారు కలరు. నాటి సాయంకాలమునకు 800 మందికి పైగా శవములై పడిరి. అప్పుడు గాని కన్నులు తెరువబడలేదు.

తొలిగుండు దోషమెవ్వరిది? లింకను తెలివిగ వలపన్ని డేవిసుచేత కాల్పించెనని కొందరు చరిత్రకారులందురు. ఆయన శాంతికి ఒక దారి తెరచియే యుంచెననియు, కాల్పవలెనని నిశ్చయించినది డేవిసేననియు మరికొందరందురు. మనకు తోచునది ఇది. ఎదుటివాడు కాల్పవచ్చునని లింకను ఎరుగును. ఎరిగియే పంపెను. కాని అన్నమును అడ్డగించుటకు ఫిరంగి మ్రోగించినవారు, అది మ్రోగించినందువలన వచ్చు ఫలమునుండి తప్పించుకొనజాలరు. చిక్కును కల్పించుట వేరు, చిక్కును కత్తితో కోయుట వేరు.

ఈ కథయందంతటను మనకు ఒక నిశ్శబ్దము వినవచ్చుచున్నది. ఆహారమును గూర్చి, జెండాను గూర్చి, గౌరవమును గూర్చి ఇరువైపుల ఉత్తరములు నడచినవి. 40 లక్షలమంది బానిసలమాట ఆ ఉత్తరములలో లేదు. దూతలలో ఒకడైన జేమ్సు చెస్నటు భార్య మేరీ చెస్నటు ఆనాటి సంగతులను దినచర్యలో వ్రాసియుంచెను. ఫిరంగులు రాత్రింబగళ్లు మ్రోగుచున్నను ఇంటి బానిసల ముఖములలో ఏ మార్పును కనబడకుండెనని ఆమె ఆశ్చర్యపడినది. వారు వినలేదా? విన్నారు. తెలిసికొన్నారు. పైకి చెప్పలేదు. ఏడాది తిరిగినపిదప, 1862 మే 13వ తేదీ తెల్లవారుజామున, రాబర్ట్ స్మాల్సు అను బానిస నావికుడు ప్లాంటర్ అను దక్షిణపు ఓడను తన కుటుంబముతోను తోడివారితోను ఎక్కి, సరియైన సంకేతమిచ్చుచు ఇదే సమ్టరు కోట ఫిరంగుల క్రిందుగ నడిపించుకొనిపోయి ఉత్తరపు నౌకలను చేరి స్వతంత్రుడయ్యెను. తరువాతి కాలమున అమెరికా కాంగ్రెసు సభ్యుడు కూడ అయ్యెను. మౌనముగ నున్నవారు ఏమి తలచుచుండిరో ఆ ఓడయే చెప్పినది.

ఆ గుండు ప్రతిధ్వని మన తెలుగు తీరమున కూడ వినబడినది. ఏప్రిలు 19వ తేదీన లింకను దక్షిణపు రేవులను దిగ్బంధము చేయగా ఇంగ్లండునందలి లాంకషైరు మిల్లులకు అమెరికా ప్రత్తి కరవయ్యెను. వారి చూపు మన దేశముపై పడెను. ప్రత్తి ధరలు మిన్నంటినవి. గుంటూరు ప్రాంతపు ప్రత్తి కాకినాడ రేవునుండి ఓడలకెక్కెను. 1865లో యుద్ధము ముగియగా ధరలు మరల పడిపోయినవి. ఛార్లెస్టను పేరైన వినని రైతు ఆ కలిమిని, ఆ లేమిని కూడ అనుభవించెను.

1865 ఏప్రిలు 14వ తేదీన, సరిగా నాలుగేండ్లకు, ఆండర్సను మరల సమ్టరునకు వచ్చెను. ఉత్తరపు ఫిరంగుల దెబ్బకు ఆ కోట అప్పటికి ఇటుకల కుప్పయై యుండెను. తాను దించుకొనిపోయిన ఆ జెండానే ఆయన మరల ఎగురవేసెను. ఆ రాత్రియే వాషింగ్టనులో నాటకశాలయందు లింకను గుండుదెబ్బ తిని మరునాటి ఉదయము మరణించెను. తొలిగుండు ప్రేల్చి గర్వించిన వృద్ధుడు రఫిన్, ఓటమిని సహింపలేక జూనులో తన్ను తానే కాల్చుకొనెను. ఆ సంవత్సరాంతమునకు రాజ్యాంగపు పదుమూడవ సవరణ అమలులోనికి వచ్చి బానిసత్వము దేశమంతటను రద్దయ్యెను.

గోటితో పోవుదానికి గొడ్డలి యెత్తరాదని మన పెద్దలందురు. ఆ దేశమున బానిసత్వము గోటితో పోవునది కాకపోయియుండవచ్చును. కాని తరతరములుగ పెద్దలు దానిని చూచియు చూడనట్లుండి, రాజీలమీద రాజీలు చేసికొని, తుదకు ఆ భారమును ఆకలిగొన్న 85 మందియున్న ఒక కోటమీద మోపిరి. న్యాయము చేయుట ఆలస్యమైనకొలది దాని వెల పెరుగును. ఆ వెలను చెల్లించువారు ఆలస్యము చేసినవారు కారు, వారి బిడ్డలు. సమ్టరు కోట గోడలు నేటికిని రేవు వాకిట నిలిచి చెప్పుచున్నది ఈ మాటయే.